ఖాళీ కడుపుతో మోసినవాడు

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకానే. అయినా గోదాములో హమాలీల జట్టు కట్టింది నేనే. యజమానితో పోట్లాడి నీడకు రేకుల పంచ, తాగడానికి కుళాయి వేయించింది నేనే. ఆ జట్టులో నా తోడల్లుణ్ణి మించిన మోతగాడు లేడు. బస్తా పట్టాడంటే ఉడుంపట్టే. అందుకే వాడి పేరు ఉడుం అయింది.

కడుపు నిండితే నడుం వంగదని మోతగాళ్ళ నమ్మకం. ఏమీ తినకుండా ఓ నొప్పి బిళ్ళ మింగి బరువెత్తుతారు. ఉడుం ఏళ్ళ తరబడి అలాగే మోశాడు. ఈమధ్య పాలిపోయాడు. నీరసానికని ఐరన్ మాత్రలు కొనుక్కున్నాడు.

ఒక ఉదయం మా మరదలు గోదాముకే వచ్చేసింది.

"బావా, ఈయనకి దొడ్డికి నల్లగా అవుతోంది. అడిగితే కసురుతున్నాడు."

"ఐరన్ మాత్రలకి అంతేలే అన్నయ్యా," అన్నాడు ఉడుం, బస్తా దించకుండానే. "నిన్న నల్ల ద్రాక్ష కూడా తిన్నా. దానికీ పంచాయితీ పెట్టండి!"

ఐరన్‌తో నలుపు వచ్చే మాట నిజమే. కానీ వాడి పెదవుల తెలుపు చూశాక నా మనసు నిలవలేదు.

"తారులా జిగటగా ఉందా?"

"ఛీ, పొద్దున్నే ఏం ప్రశ్నలు!"

"నీళ్ళు కొట్టినా వదలట్లేదు బావా. ఒకటే కంపు," అంది మరదలు.

"లేస్తే కళ్ళు తిరుగుతున్నాయా?"

ఉడుం బస్తా దించాడు. "నేను పక్కకెళితే నా చోట ఇంకొకడు నిలబడతాడు అన్నయ్యా."

"నువ్వు పోయినా నిలబడతాడురా. ఆటో ఎక్కు!"

ఆస్పత్రిలో ఉడుం జేబు ఖాళీ చేయిస్తే, డాక్టరమ్మ ఐరన్ మాత్రలు పక్కకు తోసి నొప్పి బిళ్ళల అట్ట పట్టుకుంది. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, దాంట్లోంచి నెత్తురు. ఆ నెత్తురే పేగుల్లో దిగేసరికి నల్లబడుతుందట. గొట్టంతోనే కారడం ఆపి, రక్తం ఎక్కించారు. పుండు మానేందుకు మందులిచ్చి, నొప్పి బిళ్ళల జోలికి పోవద్దన్నారు.

తినకుండా ఎవరూ బస్తా ముట్టకూడదని జట్టులో కట్టడి చేశాను. అదీ నా ఘనతే. ఉడుం ఇంకా మోతకు రాలేదు. పంచలో కూర్చుని, తన చోట నిలబడ్డవాణ్ణి చూస్తూ కాలూపుతుంటాడు. నడుం పట్టేసినప్పుడల్లా చెయ్యి జేబులోకి పోతుంది. చూపించమంటాను. తిట్టుకుంటూ జేబు బయటికి లాగి చూపిస్తాడు. ఖాళీయే. మర్నాడు మళ్ళీ అడుగుతాను.