కందెన వాసన, గుట్ట ఎక్కుడు

నిన్న ఎల్లారెడ్డిలో మేమెక్కిన ఆటో ఆగిపోతే, డ్రైవరు చక్రానికి గ్రీజు పూశాడు. ఆ వాసనకు మా ఊరి మల్లయ్య కిరాయికి తోలే ఎడ్లబండి గుర్తొచ్చి, ఇది మనుమరాలితో టైపు చేయిస్తున్నాను. నిజాం కాలంలో పుట్టిన నా ఈడువాళ్లూ, బండి ఇరుసుకు పూసే కందెన మీకు యాదికుందా? లంగాకు అంటితే ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు.

బాపుతో కామారెడ్డి రైలుకు పోవాలంటే మాకు ఆ బండే. అడవి దాటాక గుట్ట ఎక్కుడు వచ్చేది. అక్కడ ఎడ్ల కోసం అందరూ దిగి నడవాలి. పిల్లలు, ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం కూర్చోవచ్చు. అది మల్లయ్య పద్ధతి.

ఒకసారి మా ఊరి సావుకారు కూడా ఎక్కాడు. నిండు నెలలతో ఉన్న కూలిమనిషి ఎల్లవ్వ పుట్టింటికి పోతూ, ఆయన కాళ్ల దగ్గర ఒదిగి కూర్చుంది. ఎక్కుడు రాగానే బాపు దిగాడు. సావుకారు కదల్లేదు.

"అందరికన్న ఎక్కువ కిరాయి ఇస్తున్న గదరా. ఎల్లవ్వను దింపు," అన్నాడు.

మల్లయ్య ఎద్దు మెడ నిమురుతూ, "ఎడ్లకు కిరాయి సంగతి తెల్వది సావుకారి. బరువే తెలుస్తది. జర దిగుండ్రి," అన్నాడు.

బండి కదల్లేదు. రైలు వేళవుతోంది. చివరికి సావుకారు గొణుక్కుంటూ దిగాడు.

పక్కనే రొప్పుతూ నడుస్తున్న ఆయన్ను ఎల్లవ్వ పైనుంచి చాలాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా చెవిలో అంది:

"ఇన్నేండ్ల సంది ఆయన చెప్పులే చూసిన బిడ్డా. తలపాగ మీదికెల్లి చూస్తే గిట్లుంటదా?"