చివరి పేజీలో మూడో పేపర్

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. అన్నం తింటున్నాను, పాఠాలు చెబుతున్నాను, సభల్లో మైకు పట్టుకుంటున్నాను. అది మాత్రం కదలదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

ముందే ఒక హెచ్చరిక. నన్ను పూర్తిగా నమ్మకండి. ఇది రాస్తూ నన్ను నేనే అనుమానిస్తున్నాను. తప్పు ఒప్పుకుంటున్నానా, లేక ఒప్పుకున్నాడు కదా పాపం అనిపించుకోవాలని చూస్తున్నానా? రెండూ అయి ఉండవచ్చు.

నాంపల్లి స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో మా తాతగారు కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చారు, మేం ఇక్కడే ఉండిపోయాం. అంతకు మించి నా గురించి చెప్పను.

మా లోకంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పరిశోధన చేసి పేపర్ రాసి జర్నల్‌కు పంపితే, ఎడిటర్ దాన్ని అదే విషయం తెలిసిన మరొకరికి పంపుతాడు. చదివి తప్పొప్పులు చెప్పమంటాడు. దాన్ని రివ్యూ అంటారు. పేపర్ రాసింది ఎవరో రివ్యూ చేసేవాడికి తెలుస్తుంది. రివ్యూ చేసింది ఎవరో పేపర్ రాసినవాళ్లకు తెలియదు. మొహమాటం లేకుండా నిజం చెప్పడానికే ఈ ముసుగు అంటారు. నిజమే కావచ్చు. ఆ ముసుగు వెనక ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చూడరు.

చూడరు కానీ, వెతుకుతారు. రివ్యూ చేతికి రాగానే మావాళ్లు ముందుగా చూసేది తమ తప్పులను కాదు. ఎవరి పేపర్లను ప్రస్తావించమని అడిగాడా అని చూస్తారు. ఎవరి పేపర్లు అడిగితే వాడే రివ్యూయర్. తన గొప్ప తాను చూసుకోనివాడు మాలో తక్కువ. ఈ విద్య నాకు నేర్పింది మా గైడ్, పెద్దసార్. రివ్యూని చివరి పేజీ నుంచి చదవండయ్యా, దొంగ అక్కడే సంతకం పెట్టి పోతాడు అని నవ్వేవారు. ఆయన అప్పుడప్పుడు నవ్వులాటకు చెప్పిన మాటలను మేం పాఠాలకంటే శ్రద్ధగా నేర్చుకున్నాం.

మేం అంటే నేను, ఆమె. ఆమె పేరు చెప్పను. లాబ్‌లో నాకు జూనియర్, నల్గొండ వైపు నుంచి వచ్చింది, నన్ను అన్నా అని పిలిచేది. ఆదివారాల్లో ముగ్గురం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాళ్లం. పెద్దసార్ వంగి, ఒక్కో అట్ట తిప్పి, దుమ్ము దులిపి, మళ్లీ పెట్టేసేవారు. ఆమె సంచీ పట్టుకుని వెనకాలే నడిచేది. తరువాత నాంపల్లిలో ఒక హోటల్లో చాయ్. డాక్టరేట్ వచ్చాక ఆమె కాచిగూడ వైపు ఒక కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్‌గా చేరింది. ఆదివారాలు మాత్రం మానలేదు.

ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని ఉంటే ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. ఈ పేపర్ రివ్యూ చేస్తారా అని. తెరిస్తే ఆమె పేరు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను చింతగింజల పొట్టుతో తీసేసే పద్ధతి గురించి రాసింది. అప్పుడు నా దగ్గర పరిశోధన చేస్తున్న కుర్రాడి పని కూడా ఇంచుమించు అదే. అతని పేపర్ సగం తయారై ఉంది.

తెలిసినవాళ్ల పేపర్, పైగా అదే పని. నేను చూడకూడదు అని ఒక్క వాక్యం రాసి తిప్పి పంపాలి. అది నియమం. నేను రాయలేదు. చేస్తాను అని జవాబిచ్చాను.

ఎందుకు? ఆ రోజు నాకు కలిగింది ఒక అనుమానం. మా కుర్రాడి పని గురించి హోటల్లో నేనే నోరు జారానేమో, అది విని ఎత్తుకుపోయిందేమో అని. మా మధ్య అంత నమ్మకం ఉండేదని ఇప్పుడు అందరూ అంటారు కానీ, నా నమ్మకం ఎంత పలచనో ఆ ఒక్క మెయిల్‌తో తేలిపోయింది. మర్నాడు పేపర్ మొత్తం చదివాను. అందులో ఒక పట్టిక. ఏ బావి నీళ్లు, ఏ బోరు నీళ్లు, ఎప్పుడు పట్టుకొచ్చిందో వరుసగా ఉంది. మా కుర్రాడు చేరడానికి రెండేళ్ల ముందే మొదలుపెట్టింది. తన సొంత ఊరి నీళ్లతో. ఆమె నా దగ్గర దేన్నీ ఎత్తుకుపోలేదు.

అనుమానం తీరిపోయింది. అయినా దాన్ని వదల్లేదు. అది నాకు పనికొచ్చింది కాబట్టి.

ఐదు నెలలు ఆ పేపర్‌ను నా దగ్గరే పెట్టుకున్నాను. ఎడిటర్ గుర్తుచేసినప్పుడల్లా పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఒంట్లో బాగాలేదు అని రాశాను. ఈలోపు మా కుర్రాడి పేపర్ వేరే జర్నల్‌లో అచ్చయింది. అతనికి ఈ సంగతి తెలియదు. ఆ పేపర్ మీద చివరగా పెద్దసార్ పేరు కూడా ఉంది. మా గుంపులో అది ఆనవాయితీ. ఏ పేపర్ రాసినా ఆఖరున గురువు పేరు పెట్టేవాళ్లం, గురుదక్షిణ అనేవాళ్లం. ఆయన చదివారా లేదా అన్నది ఎవరూ అడగరు. ఆ పేపర్‌ను ఆయన చదవలేదు.

అప్పుడు కూర్చుని రివ్యూ రాశాను. కొత్తదనం లేదు, ఇటువంటిది ఇప్పటికే వచ్చింది అన్నాను. ఆమె కాలేజీలో లేని యంత్రాలతో పరీక్షలు చేయమన్నాను, లేవని తెలిసి మరీ. చివరి పేజీలో, ఈ మూడు పేపర్లను ప్రస్తావించాల్సి ఉండగా విస్మరించారు అని రాశాను.

మూడూ పెద్దసార్‌వి.

ఇక్కడే ఆగిపోతాను ప్రతిసారీ. కావాలని చేశానా? ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్న జవాబు, ఆ పేపర్లు సంబంధం ఉన్నవే కదా అని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. మొదటి రెండింటికీ సంబంధం ఉంది, అవి ఎవరైనా అడగవచ్చు. మూడోది బట్టలకు వేసే రంగుల గురించి. నీళ్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు. రెండు పేపర్లతో ఆమెకు పెద్దసార్ మీద అనుమానం గట్టిపడకపోవచ్చు అని మూడోదాన్ని వెతికాను. ఆయన పాత జాబితా తెరిచి, ఒక పూట కూర్చుని వెతికి పెట్టాను. ఈ మాట రాయడానికే తొమ్మిదేళ్లు పట్టింది.

పేపర్ తిరస్కరించారు. ఆ వారంలోనే ఆమె ఫోన్ చేసి నాంపల్లి హోటల్‌కు రమ్మంది. ఆదివారం కాదు. పెద్దసార్ లేరు. రివ్యూ ప్రింట్ తీసి మడత విప్పి బల్ల మీద పెట్టింది.

"అన్నా, గీ ఆఖరి పేజీల మూడు పేపర్లు రాసిన్రు. ఎవ్వరివి?"

"పెద్దసార్‌వి," అన్నాను. కాగితం వైపు చూడకుండానే అన్నాను. ఆమె గమనించలేదు. చెప్పాక నేను గమనించాను.

"ఔ. మీ పిలగాని పేపర్ల గూడ సార్ పేరుంది. నా పని జదివి, ఆయననే మీ పిలగానికి చెప్పిన్రేమో. నీకు తెల్వకుండనే అయిందేమో. నువ్వేమంటవ్ అన్నా?"

చాయ్ మీద మీగడ కట్టింది. ఒక్క మాట చాలు. కాదు, నేనే అంటే చాలు. కనీసం, సార్ అలాంటివారు కాదు అన్నా సగం పాపం తగ్గేది.

"నేనేమంటాను? నువ్వే చూస్తున్నావు కదా," అన్నాను.

"చూస్తున్న," అని కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, నువ్వొక్కడివన్న ఉన్నవ్ నాకు అంది. చాయ్ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు.

ఆ తరువాత ఆమె అబిడ్స్‌కు రాలేదు. పెద్దసార్ ఫోన్ ఎత్తలేదు. ఆ వేసవిలో ఒక పర్మనెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉండేది, చేతిలో ఆ పేపర్ లేక అది పోయింది. ఇంకో నాలుగేళ్లు కాంట్రాక్ట్ మీదే నెట్టుకొచ్చింది. పెద్దసార్ మాత్రం కొన్నాళ్లు ఆదివారం రాగానే రోడ్డు అటూ ఇటూ చూసేవారు. ఆ పిల్ల వస్తలేదేందయ్యా, నేనేమన్న అన్ననా అని నన్ను అడిగారు. పని ఎక్కువైంది సార్ అన్నాను. ఒకసారి నీళ్ల పరీక్షల మీద ఒక పాత పుస్తకం దొరికితే, లోపలి పేజీలో ఆమె పేరు రాసి, ఇది ఆమెకు ఇవ్వు అని నా చేతికిచ్చారు. నేను ఇవ్వలేదు. ఇస్తే ఇద్దరూ మాట్లాడుకుంటారని భయం. అది నా బీరువాలో ఉంది.

భయం అంటే ఏమిటో అప్పటినుంచి తెలిసింది. నా పేపర్లకు వచ్చే ప్రతి రివ్యూలోనూ ఎవరో నన్ను పట్టుకున్నారని వెతుకుతాను. కారిడార్‌లో ఇద్దరు గొంతు తగ్గిస్తే నా గురించే అనుకుంటాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే బతుకు.

ఆమెకు ఇప్పుడు మంచి ఉద్యోగం ఉంది. అంతకంటే ముఖ్యం, ఈ పద్ధతి మారాలని పోరాడేవాళ్లలో ఆమెదే ముందు గొంతు. రివ్యూ చేసేవాళ్లు పేరు పెట్టాలి, పేపర్‌తో పాటు రివ్యూ కూడా అచ్చు కావాలి, పని చేయనివాళ్ల పేర్లు పేపర్ మీద ఉండకూడదు అంటుంది. గతనెల నాంపల్లిలో ఒక హాల్లో సభ పెట్టింది. మొదట మాట్లాడమని నన్నే పిలిచింది. అరగంట మాట్లాడాను. ముసుగులు తీయాలి అన్నాను. చప్పట్లు కొట్టారు. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే, అదే నాకు అన్నిటికంటే అసహ్యంగా ఉంది.

తరువాత ఆమె లేచి, పేర్లు చెప్పకుండా, తన కథ చెప్పింది. కంచే చేను మేసింది అంది. నా వెనక వరుసలో ఎవరో పెద్దసార్ పేరు గుసగుసగా అన్నారు. నేను తల తిప్పలేదు. చివర్లో ఆమె నా వైపు చూసి, ఆ రోజుల్లో తనకు తోడు నిలిచింది ఒక్కరే అని చెప్పింది. మళ్లీ చప్పట్లు. నేను చేతులు జోడించాను. ఏం చేయను ఆ చేతులతో?

ఇంటికి వచ్చాక కూడా ఆ గుసగుస చెవిలోనే ఉంది. చదవని పేపర్‌కూ రాయని రివ్యూకూ ఒక మనిషి తొమ్మిదేళ్లుగా దొంగగా తిరుగుతున్నాడు. ఆయనకు ఆ సంగతే తెలియదు.

అందుకే ఇది రాశాను. పేరు మాత్రం పెట్టలేదు. చూశారా, ముసుగులు తీయాలన్నవాడు ఇప్పుడూ ముసుగులోనే రాస్తున్నాడు. క్షమాపణ అడగను, అడిగే మొహం లేదు. గొంతులో ఉన్నది మాత్రం బయటికి వచ్చింది. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అది కూడా నాకు దక్కాల్సింది కాదేమో.

ఇక మిగిలింది మీకు కాదు, ఆమెకు. దేన్నయినా చివరి నుంచి చదివే అలవాటు ఆమెకు పోయి ఉండదు.

ఆ మూడో పేపర్‌ను మళ్లీ ఒకసారి చూడు. బట్టల రంగుల గురించినది. నీ నీళ్లకు దానితో పని లేదు. పెద్దసార్ అయితే దాన్ని అడిగేవారు కాదు. ఆయన ఇప్పటికీ ఆదివారం పొద్దున అబిడ్స్‌కు వస్తారు, ఇప్పుడు వంగలేక నిలబడే చూస్తారు. నీ పేరు రాసిన పుస్తకం ఒకటి నీకు చేరలేదు, అడుగు, చెబుతారు. అది ఎవరి చేతికిచ్చారో కూడా చెబుతారు. ఆ రోజు హోటల్లో, కాగితం వైపు చూడకుండానే నీకు జవాబు చెప్పింది ఎవరో గుర్తు తెచ్చుకో.