మడతమంచాల ప్రభాకర్

కోరుట్లల మెట్‌పల్లి రోడ్డు మీద నాది సీటు కవర్ల దుకాణం. పక్క షెడ్డు ప్రభాకర్‌ది. పాత వ్యాన్లను తిరిగే ఇండ్ల లెక్క మార్చి ఇస్తడు. లోపల పొయ్యి, నీళ్ల ట్యాంకు, పొద్దంత గోడకు అతుక్కొని ఉండి పండుకునేటప్పుడు కిందికి దిగే మంచం. ఆ మంచాలకు పరుపులు కుట్టేది నేను. గందుకే ఆయన ముచ్చట నాకు తెల్సు. అందుల సగం కండ్లార చూసిందే.

ప్రభాకర్‌ది గొల్లపల్లి దిక్కు, గుంట భూమి లేని ఇల్లు. తండ్రి కూలికాడ తిట్లు తిని వచ్చి ఇంట్లోళ్లను కొట్టెటోడు. ప్రభాకర్ ఇరవై రెండేండ్లకు షార్జా పోయి కారవాన్లు తయారుచేసే కాడ కుదిరిండు. ఇద్దరు మనుషులు పండుకునే మంచాన్ని జానెడు మందంల గోడకు ఎట్ల దాచాల్నో అక్కడనే నేర్చిండు. సూపర్‌వైజర్‌కు కోపమొస్తే చెంప మీద కొట్టుడే. ఎనిమిదేండ్లు ఓర్చుకొని, ఒకనాడు చేతుల ఉన్న ఇనుప యాంగిల్ తోటి వాని ముక్కు పలగ్గొట్టిండు. మూన్నెల్లు జైల్ల పెట్టి ఇంటికి తోలిండ్రు. గా ఒక్క దెబ్బకు ఎనిమిదేండ్ల కడుపుమంట సల్లారిందని నాతోటి ఎన్నోసార్లు చెప్పిండు. చెప్పినప్పుడల్లా నవ్వెటోడు.

ఇక్కడ షెడ్డు పెట్టినంక ఆయనకు దొరికిన జోడి వేణు. సిరిసిల్లల మరమగ్గాలు రిపేరు చేసిన మనిషి. స్ప్రింగు చప్పుడు ఇని లోపం ఎక్కడుందో చెప్పెటోడు. గొంతు లేపి మాట్లాడంగ నేనెన్నడు ఇనలే. కొలతలు ప్రభాకర్‌వి, కీళ్లు, లాకులు వేణువి.

పోయినేడు ఎండాకాలం జగిత్యాల నుంచి అరవింద్ అనే టూరిస్టు బండ్లాయన వ్యాన్ తయారు చేయించుకున్నడు. మంచానికి రెండో లాకు ఇంకా బిగించలేదు, రెండు రోజులు ఆగుమని వేణు చెప్పిండు. ఆయన ఆగలే, యాత్రకు మంది ఎదురుచూస్తుండ్రని బండి తీస్కపోయిండు. తొవ్వల స్పీడ్‌బ్రేకర్ కాడ మంచం ఊడి ఆయన తండ్రి భుజం మీద పడ్డది. బొక్క ఇరిగింది.

తెల్లారి పదకొండు గంటలకు వ్యాన్ మళ్ల షెడ్డు ముంగట ఆగింది. ప్రభాకర్ ప్లైవుడ్ కోసం మెట్‌పల్లి పోయిండు. అరవింద్ దిగుడు దిగుడే వేణు గల్లవట్టి రెండు చెంపలు వాయించిండు. పెదవి పగిలి నెత్తురు కారింది. నేను ఉరికిపోయి నడుమ నిలవడ్డ. వేణు మూతి తుడుసుకొని, ముందుగాల లాకు బిగిస్త, తర్వాత ఏమన్న అనుమని వ్యాన్ ఎక్కిండు. మంచాన్ని లేపి పట్టే గ్యాసు రాడ్లు ఇప్పి, కింద కట్టె ఆనిచ్చి, కీలు సందుల చెయ్యి పెట్టి పని మొదలుపెట్టిండు.

గప్పుడే ప్రభాకర్ వచ్చిండు. వేణు మొఖం చూసిండు. ఎవడు కొట్టిండని అడిగిండు.

"పోనీ అన్నా," అన్నడు వేణు. "పని కానియ్యి."

ప్రభాకర్ ఇనలే. మూలకున్న పైపు అందుకొని అరవింద్ మీదికి పోయిండు. అరవింద్ ఎనకకు జరుగుకుంట వ్యాన్లకే ఎక్కిండు, ఈయన ఎంబడే ఎక్కిండు. ఆ ఇరుకుల పైపు అరవింద్ మోచేతి మీద పడ్డది. ఇద్దరు గుంజులాడిండ్రు. ఎవరి కాలు తాకిందో, ఆనిచ్చిన కట్టె జారింది. డెబ్బై కిలోల మంచం వేణు చేతి మీద దిగింది.

గా అరుపు రోడ్డు అవుతలి దాక ఇనవడ్డది. ప్రభాకర్ ఆగలే. ఆ అరుపు ఇనుకుంటనే అరవింద్‌ను ఇంకో రెండు దెబ్బలు కొట్టిండు. నేను ఎనక నుంచి నడుం పట్టి గుంజితే గని పైపు ఇడువలే. ఇద్దరం కలిసి మంచం లేపినం. వేణు కుడిచేతి వేళ్లు ఒక దగ్గర లేవు.

కరీంనగర్ దవాఖానల వేణుకు నాలుగు వేళ్లు తీసేసిండ్రు. అరవింద్ మోచెయ్యి, దవడ ఇరిగినయ్. ప్రభాకర్ రెండు నెలలు జైల్ల ఉండి బెయిలు మీద వచ్చిండు. వచ్చిన నాడే నన్ను ఎంబడి తీస్కొని సిరిసిల్లల వేణు ఇంటికి పోయిండు. గడప కాడ వేణు భార్య శ్వేత అడ్డం నిలవడ్డది.

"గా అరుపు నీకు ఇనవడ్డదా?" అని అడిగింది.

"ఇనవడ్డది."

"ఇనవడ్డంక గూడ కొట్టినవా?"

"కొట్టిన."

మగ్గం కట్టె ఒకటి గోడకు ఆనిచ్చి ఉండె. దాంతోటి మొఖం మీద కొట్టింది. కనుబొమ్మ పగిలింది. ఇంకోటి కొట్టింది. ప్రభాకర్ చేతులు కిందనే ఉన్నయ్. నేను అడ్డం పోవోతే వద్దన్నట్టు తల ఊపిండు. మూడో దెబ్బకు లోపల్నుంచి వేణు గొంతు ఇనవడ్డది, ఇగ చాలు అని. శ్వేత కట్టె పారేసి తలుపు ఏసుకుంది. బస్సుల ప్రభాకర్ నెత్తురు తుడుసుకోలే. చాన దూరం పోయినంక, వేణు అరుపు ఇనుకుంట అరవింద్‌ను గా రెండు దెబ్బలు కొట్టేటప్పుడు తనకు సంబురమైందని చెప్పిండు. నాకు భయమైంది.

ఆరు నెలలకు వేణు ఒక్కడే కోరుట్ల బస్సు దిగిండు. ఎడమచేత్తో గీసిన కాయితం ప్రభాకర్ ముంగట పెట్టిండు. గోడకు కాదు, కప్పుకు ఉండే మంచం. పట్టీల మీద సీదా కిందికి దిగుతది, జానెడు జానెడుకు లాకు పడుతది, ఎవరు చెయ్యి ఇడిసినా అక్కడనే ఆగుతది. ఎడమచేతికి రాసుడు ఇంకా అలవాటు కాలే, గీతలు వంకర పోయినయ్.

"షెడ్డుల నీ చెయ్యి లేసిన నాడు నేను ఎల్లిపోత," అన్నడు వేణు. "మళ్ల రాను."

ప్రభాకర్ తలకాయ ఊపిండు.

గిప్పటికి అసొంటి మంచాలు తొమ్మిది చేసిండ్రు. నెల కింద ఒక గిరాకి వచ్చి వేణును పట్టుకొని మొండిచెయ్యోడు ఏం చేస్తడని అన్నడు. ప్రభాకర్ చేతుల సుత్తె ఉంది. దాన్ని నేల మీద పెట్టి, షెడ్డు బయటకొచ్చి, లారీలు పోయే రోడ్డు పక్కన ఎండల నిలవడ్డడు. లోపల వేణు ఆ గిరాకికి లాకులు ఒక్కొక్కటే ఏసి చూపిస్తుండు.