ఎండ మీదికి నెట్టిన తప్పు

తొంభైల చివర్లో నల్గొండలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ని. ఊరంతా విండోస్ నేర్పుతుంటే నేను పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలోంచి లైనక్స్ ఎక్కించుకున్నాను. జిల్లా మొత్తంలో అది నాకొక్కడికే వచ్చనుకునేవాణ్ని. అబ్బో, ఏం పొగరు! అడిగినవాడికీ అడగనివాడికీ దాని గొప్పలు చెప్పి ప్రాణం తీసేవాణ్ని.

అప్పుడే మర్రిగూడ అవతలి ఊరినుంచి సైకిల్ షాపు నడిపే ఒక పెద్దాయన వచ్చాడు. అందరిలాగే నేనూ చాచా అనేవాణ్ని. అక్కడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి తాగి ఆయన మోకాళ్లు వంకర్లు పోయాయి. తనలాంటివాళ్ల పేర్లన్నీ నెల రోజులు తిరిగి నోటుబుక్కులో రాసుకొచ్చాడు. మొదటి పేరు మంచం దిగలేని ఆయన భార్యది.

"సర్కారు ఆఫీసుల పింఛన్‌కు రాస్తరట బేటా. కాయిదం తీసుకోరట, ఫ్లాపీల ఎక్కించుకొని రమ్మన్నరు. రేపే ఆఖరు. జర చేసిపెట్టు."

పక్కనే విండోస్ మిషన్ ఖాళీగా ఉంది. అందులో కొడితే ఏ గొడవా లేదు. కానీ మన విద్య చూపించుకోవద్దూ! లైనక్స్‌లోనే కొట్టాను. దానిలో ఫ్లాపీ దూర్చగానే సరిపోదు. 'మౌంట్' అని ఆజ్ఞ ఇచ్చి కలపాలి, తీసేముందు 'అన్‌మౌంట్' అని విడిపించాలి. విడిపించేదాకా మనం రాసింది ఫ్లాపీలోకి దిగకుండా మిషన్‌లోనే ఆగిపోవచ్చు. పిల్లలకు రోజూ నేను చెప్పే పాఠమే ఇది. ఆవేళ మాత్రం తెర మీద ఫైలు పేరు చూపించి, "చూసినవా చాచా, ఎంత అల్కగ అయిపోయిందో!" అంటూ ఫ్లాపీ చటుక్కున లాగి ఆయన చేతిలో పెట్టాను.

మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చాడు.

"ఫ్లాపీల ఏం లేదన్నరు బేటా. మల్ల తెస్త అంటే టైం అయిపోయిందన్నరు. ఇంకెప్పుడు తీసుకుంటరో వాళ్లకే ఎర్క లేదట."

తప్పెక్కడ జరిగిందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. వెనకాల నా విద్యార్థులంతా చెవులు రిక్కించి వింటున్నారు. నాది పొరపాటని ఒక్క మాట అంటే అయిపోయేది. సిగ్గులేని నోరు, ఇంకోటి అంది.

"ఏడ పెట్టినవ్ చాచా? ఎండల గిట్ల పెట్టినవా?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. "బస్సుల కిటికీ పక్కన కూసున్న. పైజేబులనే ఉండె. ఎండ తగిలిందేమో మరి."

"అగో, మరి! గందుకే," అన్నాను.

"అరె, నాకు ఎర్క లేకపాయె. నువ్వు మంచిగనే చేసిస్తివి, నేనే ఖరాబ్ చేస్తి. నువ్వు ఫికర్ చెయ్యకు బేటా," అని నన్నే ఓదార్చి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఇన్నేళ్లయినా ఆ ఓదార్పు తలుచుకుంటే నా మొహం నేనే చూసుకోలేను.

పదిరోజులకు ఆ ఊరి కోడలొకామె దవాఖానకు వచ్చి, అటునుంచి మా సెంటర్ వెతుక్కుంటూ వచ్చింది. విద్యార్థులు వెళ్లిపోయారు. గదిలో నేనొక్కణ్నే ఉన్నాను.

"మా అత్త పేరు గూడ గా ఫ్లాపీలనే ఉండె సారూ. ఊరంత చాచాను తిడ్తాంది. గా మోకాళ్లతోని ఇంటింటికి వచ్చి, నేనే ఎండల పెట్టి ఖరాబ్ చేసిన, మాఫ్ చెయ్యిండ్రి అంటాండు. మాకేమో మనసొప్పుతలేదు. నిజంగ ఎండకు పోతదా సారూ?"

"పోతదమ్మా," అన్నాను.