ఏడు బేస్ కోట్ల కింద

ఆ ఇంట్లో భోజనాల బల్ల ఒకటే, దాని మీద రాజ్యాలు మాత్రం రెండు. కిటికీ వైపు సగం భర్తది. ఆయన వాచీలు బాగుచేస్తాడు. కొట్టు కట్టేశాక మిగిలిన పని ఇంటికి తెచ్చుకుని, తెల్లగుడ్డ పరిచి, చీమ కాళ్ళంత మరల్ని దాని మీద వరసగా పేర్చుకుంటాడు. వంటింటి వైపు సగం భార్యది. ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్. పాత పేపరు పరుచుకుని దాని మీద గోళ్ళరంగు సీసాలు పేర్చుకుంటుంది. మధ్యలో రెండు మూరల జాగా ఖాళీ. అక్కడ ఎవరూ ఏమీ పెట్టకూడదు, మంచినీళ్ళ గ్లాసుతో సహా.

ఈ సరిహద్దు ఊరికే రాలేదు. మాగ్నెటిక్ పాలిష్ అని ఒకటుంది. అందులో ఇనప రజను కలిపి ఉంటుంది. గోటికి పూసి, అది ఆరకముందే చిన్న అయస్కాంతాన్ని తగలకుండా పైన పట్టుకుని పదిహేను అంకెలు లెక్కపెడితే, రజనంతా ఒకచోటికి చేరి పిల్లికన్నులా మెరుస్తుంది. మొదటిసారి అది కుదిరిన సంబరంలో ఆవిడ "ఏవండీ, చూడండి!" అంటూ అయస్కాంతంతో సహా ఆయన వాచీల మీదికి వంగింది. తెల్లారేసరికి వాటిలో మూడు వాచీలు గంటకి పది నిమిషాలు ముందుకి పరుగెత్తుతున్నాయి. ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"నా నోట్లో మట్టి కొడదామనుకున్నావా? ఆ దిక్కుమాలిన రాయిని నా దరిదాపులకి తేకు."

"రాయి కాదండీ, అయస్కాంతం."

"ఏదైతేనేం! నువ్వూ నీ గోళ్ళూ ఆ చివరే ఉండండి."

ఆవిడ ఆ చివరే ఉండిపోయింది. ఎవరెవరి వాచీల్లోనో ఈగ తలకన్నా చిన్న పగులుని పట్టేసే ఆ కన్ను సొంత పెళ్ళాం చేతిని దగ్గరగా చూసి నాలుగేళ్ళయింది. ఆయన్ని మరీ తప్పుపట్టలేం. ఎంత పిలిచినా బల్ల దాటి రావడం ఆవిడే మానేసింది.

ఈ వయసులో గోళ్ళ పిచ్చేమిటని ముక్కున వేలేసుకునేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకేం తెలుసు? లెక్చరర్ పాఠం చెబుతుంది, పిల్లలు రాసుకుంటారు, ఆవిడ పరీక్షనాళికలు కడుగుతుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చేతులు తొడుగుల్లో నానుతాయి, కోటుకి ఆమ్లం వాసన పడుతుంది. ఆ గదిలో ఆవిడ ముఖం ఎవరూ చూడరు. ఒకరోజు మాత్రం గోళ్ళు చూశారు. చల్లగా ఉంటే ఊదారంగు, వేడి నీళ్ళు తగిలితే గులాబీరంగు అయ్యే పాలిష్ వేసుకుని వెళ్ళింది. బీకరు కడుగుతుంటే రంగు మారడం చూసి పిల్లలంతా పని మానేసి చుట్టూ మూగారు. ఆవేళ నుంచీ ఆవిడ 'ఇంద్రధనుస్సు మేడమ్' అయింది. సోమవారం పొద్దున ఆవిడ తొడుగులు ఎప్పుడు తీస్తుందా అని పిల్లలు కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవారు. జీవితంలో ఒక మనిషి కోసం ఇరవై మంది ఎదురుచూడటం చిన్న సంగతేమీ కాదు.

అందుకే శనివారం సాయంత్రాలు ఆవిడవి. పగిలిన బురదనేలలా విచ్చుకునే క్రాకిల్ రంగులు, ఇసకలా గరగరలాడే రంగులు, అన్నీ ప్రయత్నించింది. తళుకుల రంగుని వదిలించాలంటే తలప్రాణం తోకకొస్తుంది కాబట్టి దాని కింద వేసే పీల్ ఆఫ్ బేస్ కోట్ కూడా తెచ్చుకుంది. పూసేటప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక గోటి అంచున పుల్లతో లేపితే పైరంగుతో సహా పొరలా ఊడివస్తుంది.

ఎడమ బొటనవేలి గోరు మీద గీతని అలా పొర ఊడదీసినప్పుడే మొదటిసారి చూసింది. గోధుమరంగు గీత, పెన్సిలుతో గీసినంత సన్నం, గోటి మొదలు నుంచి కొస దాకా నిలువుగా. ఆవిడకి అనుమానం రాలేదు. పోయిన వారం ముదురు ఊదారంగుని బేస్ కోట్ లేకుండా పూసేసుకుంది, ముదురు రంగులు గోటికి దిగుతాయి, ఆ మాత్రం తెలియదా? బద్ధకానికి తగిన శాస్తి అనుకుని నవ్వుకుంది.

నిమ్మకాయ రుద్దింది, పోలేదు. ఉప్పుకాగితం రుద్దింది, పోలేదు. అప్పుడు ఆవిడలో ల్యాబ్ అసిస్టెంట్ నిద్రలేచింది. రంగు దిగకుండా ఆపగలిగే బేస్ కోట్ ఏదో తేల్చేద్దామని నోటు పుస్తకం తీసింది. ఒక్కో బేస్ కోట్‌కి మూడు వారాలు గడువు. ఏ రంగు కింద వేసింది, ఎన్ని నిమిషాలకి ఆరింది, ఎన్నో రోజున పెచ్చు లేచింది, అన్నీ తేదీలతో రాసింది. గోటి మీది గాట్లు పూడ్చేది, రబ్బరులా సాగేది, వెల్లుల్లి వాసన వేసేది, పీల్ ఆఫ్... అలా ఏడు రకాలు అయిపోయాయి. ప్రతిసారీ గీత ఉంది. ప్రతిసారీ ఆవిడ బేస్ కోట్‌ని తిట్టుకుంది. పోల్చి చూడటానికి ఒక నాళికని ఏమీ కలపకుండా వదలాలని ఏటా కొత్త పిల్లలకి చెప్పేది ఆవిడే. పదివేళ్ళలో ఒక్క గోరుని ఖాళీగా వదలాలని మాత్రం తట్టలేదు. ఖాళీ గోళ్ళతో సోమవారం ల్యాబ్‌కి వెళ్ళే మనిషి కాదు మరి.

ఐదు నెలలు అలా గడిచాక ఒకరోజు ల్యాబ్‌లో సిల్వర్ నైట్రేట్ ఒలికింది. తొడుగుకి చిల్లున్న పిల్ల ఒకతి సాయంత్రానికి బొటనగోటి నడుమ నల్లటి మచ్చ చూసుకుని బావురుమంది.

"మేడమ్, ఎంత కడిగినా పోవట్లేదు. ఇంక ఇలాగే ఉండిపోతుందా?"

"ఉండదే పిచ్చిదానా. అది పైన పడ్డ మచ్చ. గోరు మొదలు దగ్గర్నుంచి పెరుగుతుంది కదా, మచ్చని ముందుకి తోసేస్తుంది. రెండు నెలలాగు, కత్తిరించి పారేస్తావు. మొదలు దగ్గర కొత్త గోరు శుభ్రంగా వస్తుంది, చూడు."

పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం కుళాయి కట్టకుండా సింకు దగ్గర అలాగే నిలబడింది. ఐదు నెలలు. ఐదు నెలల్లో ఆవిడ గోరు చాలాసార్లు పెరిగింది, చాలాసార్లు కత్తిరించింది. గీత ముందుకి జరగలేదు. మొదలు దగ్గర కొత్త గోరు శుభ్రంగా రాలేదు, గీతతోనే వచ్చింది. ఆ రంగు పైనుంచి దిగింది కాదు, లోపలినుంచి వస్తోంది.

ఇంటికి వెళ్ళి ఫోన్‌లో వెతికితే గోటికింద గీత చాలామందికి ఉత్తినే వస్తుందని ఉంది, ఒక్కోసారి చర్మపు క్యాన్సర్ కావచ్చనీ ఉంది. వెడల్పు పెరుగుతున్నా, గోటి చుట్టూ చర్మానికి రంగు పాకినా వెంటనే చూపించుకోమని ఉంది. మొదట్లో పెన్సిలు గీతలా ఉన్నది ఇప్పుడు అగ్గిపుల్ల మందం ఉంది. చర్మం వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

మనిషన్నవాళ్ళు ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆవిడ రెండు పూతల బేస్ కోట్ వేసి, దాని మీద నల్లటి మాగ్నెటిక్ పాలిష్ వేసి, అయస్కాంతం పట్టుకుని పదిహేను లెక్కపెట్టింది. చదువుకున్న మనిషి, ల్యాబ్‌లో పాతికేళ్ళు పనిచేసిన మనిషి, మసిపూసి మారేడుకాయ చేసింది. ఎవర్ని మోసం చేద్దామనో! భయపడింది, అంతే. పీల్ ఆఫ్ వాడటం మానేసింది, ఎక్కడ తానంతట అదే ఊడి కనపడుతుందోనని. మిగతా తొమ్మిది గోళ్ళ రంగు మార్చినా బొటనవేలిది తీయకుండా పైనపైనే పూసుకుంటూ పోయింది. గోరు బిళ్ళంత మందం అయింది. పిల్లలు "మేడమ్, ఈ వారం డిజైన్ అదిరింది" అంటే నవ్వింది కూడా.

రెండు నెలలకి ఆ పిల్ల మళ్ళీ ఎదురొచ్చి సంబరంగా బొటనవేలు చాచింది. మచ్చ గోటి కొసకి వచ్చేసింది, కింద అంతా తేటగా, లేత గులాబీరంగులో ఉంది.

"మీరు చెప్పినట్టే జరిగింది మేడమ్! ఇవాళ ఇంటికెళ్ళి కత్తిరించేస్తా."

"చెప్పాను కదే," అంది ఆవిడ.

ఆ సాయంత్రం అసిటోన్‌లో దూది ముంచి బొటనవేలికి చుట్టుకుని కూర్చుంది. పొర మీద పొర కరిగి, నలుపు, ఊదా, వెండి కలిసి దూది బురదలా అయింది. చిట్టచివర గోరు కనిపించింది. గీత గీతలా లేదు, గోటిలో సగం ఆక్రమించింది. గోటి మొదలు దగ్గర చర్మం మీదికి మసిలా పాకింది.

బల్ల మధ్య ఖాళీ జాగా దాటి వెళ్ళి, ఆయన దీపం కింద చెయ్యి పెట్టింది.

"ఒకసారి ఇది చూడండి."

"అయస్కాంతం లేదు కదా?" అన్నాడాయన తలెత్తకుండా.

"లేదు. ఏ రంగూ లేదు. చూడండి."

ఆయన కంటికి బిగించుకునే భూతద్దం అలాగే ఉంది. ఆవిడ వేలు పట్టుకుని దీపానికి దగ్గరగా తిప్పాడు. వాచీ చూసినట్టే చూడటం మొదలుపెట్టాడు, నింపాదిగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి. ఆవిడ వేలు చూసుకోలేదు, ఆయన ముఖమే చూసింది. చిన్న వాచీ పాడైతే 'దీనికింతే' అని పెదవి విరిచే అలవాటు ఆయనకి. ఇప్పుడు పెదవి విరవలేదు. అద్దం తీసి గుడ్డ మీద పెట్టాడు. చెయ్యి తగిలి రెండు మరలు నేల మీద పడ్డాయి. వాటికోసం వంగలేదు.

"ఇది పూసిన రంగు కాదు," అన్నాడు.

"ఊఁ."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇవాళే. ల్యాబ్‌లో ఒక పిల్ల గోరు చూశాక అనుమానమొచ్చింది."

ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. నోరు దాటాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయింది.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళారు. చర్మం డాక్టరు ఆవిడ వయసుదే. పరికరం ఆనించి చాలాసేపు చూసి, "మొదట్లో ఎంత వెడల్పుండేది? పాత ఫోటో ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగింది.

ఫోటోలకేం తక్కువ? ఫోన్ నిండా ఆవిడ చేతులే. ప్రతి వారం, కిటికీ వెలుతురులో, సీసా పక్కన పెట్టి తీసినవి. డాక్టరు ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. ఊదారంగు, పిల్లికన్ను, క్రాకిల్, తళుకులు. వందల ఫోటోల్లో ఒక్కటంటే ఒక్కదాంట్లోనూ గోరు లేదు.

గోటి మొదలు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చే దాకా ఉన్న పన్నెండు రోజులూ ఆయన కొట్టు తెరవలేదు. దూరాన ఉన్న వాళ్ళక్కకి రోజూ ఫోన్ చేసేవాడు. "భయమేం లేదక్కా. తెలిసిన రోజే చెప్పింది, మర్నాడే తీసుకెళ్ళాను. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు." ఆ మాట ఎదురింటాయనకి చెప్పాడు, కొట్టు పక్కన చెప్పుల మేస్త్రికి చెప్పాడు. ఆయనకి పట్టుకోవడానికి ఆ మాట తప్ప ఇంకేం దొరకలేదు. విన్నప్పుడల్లా ఆవిడకి నేల చీలితే బాగుండుననిపించేది. ఇవాళ చెబుదామనుకుంటుంది, ఆయన ముఖం చూసి ఊరుకుంటుంది.

పన్నెండో రోజున డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. అనుమానించిందే నిజం. గోటి మొదలు దాటి లోపలికి దిగింది. బొటనవేలు పై కణుపు దాకా తీసెయ్యాలి, ఆ తర్వాత ఇంకెక్కడికైనా పాకిందేమో వెతకాలి. ఆయన కాగితాల మీద సంతకాలు పెట్టడానికి పక్కగదికి వెళ్ళాడు.

"రెండు నెలల క్రితం వచ్చుంటే?" అని అడిగింది ఆవిడ, తలుపు వైపు చూస్తూ.

డాక్టరు కాగితం మడిచింది. "అది ఇప్పుడు చెప్పలేమమ్మా," అని, వెంటనే ఆపరేషన్ తేదీ గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆవిడకి అర్థమైంది.

బయట బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. ఆయన ఆవిడ కట్టుకట్టిన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కణుపే కదా. ఎడమచెయ్యే కదా. తెలిసిన రోజే చెప్పావు, అదే మన అదృష్టం."

"కాదండీ."

"ఏం కాదు?"

"ఆ రోజు తెలిసింది కాదు. అంతకి రెండు నెలల ముందే తెలుసు నాకు. తెలిసే పైన పూసుకుంటూ కూర్చున్నాను."

బస్సొచ్చింది. ఇద్దరూ లేవలేదు. అది వెళ్ళిపోయింది.

"రెండు నెలలు," అన్నాడాయన. "రెండు నెలలు నా ఎదురుగా కూర్చుని... నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అద్దం పెట్టుకుని చూస్తారని. చూశాక మీ ముఖం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. అది చూడలేననిపించింది." ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. "తప్పు చేశానండీ. పెద్ద తప్పు చేశాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది. తర్వాతి బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు, ఆయన ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఇంటికి చేరాక వాళ్ళక్కకి ఫోన్ చేశాడు. ఆవిడ వంటింట్లోంచి వింటోంది. ఫలితం చెప్పాడు, కణుపు సంగతి చెప్పాడు, ఆపరేషన్ తేదీ చెప్పాడు. అవతల అక్క ఏదో అడిగింది. అడిగిందేమిటో వంటింట్లోకి వినబడకపోయినా తెలుస్తూనే ఉంది.

"లేదక్కా," అన్నాడు చివరికి. "ఆలస్యమైంది."