కార్డులో గడి లేని టీకా

2022 వానాకాలం. మా వైపు వానాకాలం వచ్చిందని క్యాలెండరు చెప్పాల్సిందే తప్ప మబ్బులు చెప్పవు. కదిరికి ఇవతల, వేరుశనగ చేల మధ్య ఉన్న ఒక సబ్‌సెంటరులో నేను ఏఎన్ఎంని. అంటే పల్లె నర్సుని. గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ కబురు, అన్నీ నా దగ్గరికే వస్తాయి. ఊరి పేరు రాయను. తప్పు నాది, ఊరిది కాదు.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఆ ఊళ్లో ఆరేళ్లు. టీకాలు వేయడంతో ఊరుకోకుండా టీకా తాత్పర్యాలు కూడా చెప్పేదాన్ని. ప్రతి తాత్పర్యంలో రెండు జోకులు తప్పనిసరి. సూదికి భయపడే పిల్లల్ని, వాళ్లకంటే ఎక్కువ భయపడే తల్లుల్ని నవ్వించి, ఆ నవ్వు ఆగేలోగా సూది దించేయడం నా విద్య. "నర్సమ్మ నోరే మత్తుమందు" అనేవాళ్లు. మెచ్చుకోలే అనుకున్నాను. ఆ మత్తు నాకూ ఎక్కుతుందని తట్టలేదు.

మా పని తీరు గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి గర్భిణికీ తల్లీబిడ్డల కార్డు ఇస్తాం. దాని నిండా గళ్లు. బరువుకు ఒక గడి, బీపీకి ఒకటి, హిమోగ్లోబిన్‌కు, అంటే రక్తం ఎంతుందో రాయడానికి, ఒకటి. టీడీకి, అంటే ధనుర్వాతమూ కంఠసర్పీ రాకుండా వేసే టీకాకు, వేరే గళ్లు. తనిఖీకి వచ్చే అధికారులు గళ్లు నిండాయా లేదా అని చూస్తారు. అందుకని మేమూ గళ్లే చూస్తాం. కొన్నేళ్లు పోయాక ఎదురుగా కూర్చున్న మనిషి కూడా నింపాల్సిన గళ్ల వరసలాగే కనిపిస్తుంది. ఫ్లూ టీకాకు ఆ కార్డులో గడి లేదు. మాకు సర్కారు నుంచి వచ్చే టీకాల పెట్టెలోనూ అది లేదు. గడిలో లేనిది మా నోటికీ వచ్చేది కాదు.

షమీమ్‌కు అప్పుడు ఐదో నెల, తొలి కాన్పు. ఆమె భర్త రోడ్డు పక్కన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మా సీమలో బోర్లు ఎండేకొద్దీ మోటార్లు కాలతాయి కాబట్టి కరువులోనూ పనికి కరువు లేని మనిషి. ఒక బుధవారం, టీకాల రోజు, ఆమె తన వంతు వచ్చాక ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది.

"నర్సమ్మా, స్కానింగుకు కదిరికి పోయింటిమి. ఆడ డాక్టరమ్మ ఇది రాసిచ్చింది. జలుబు సూదంట. మెడికల్ షాపాయప్ప తెప్పిస్తానన్యాడు. తెస్తే నువ్వు వేస్తావా?"

చూశాను. ఇన్‌ఫ్లుయెంజా వ్యాక్సిన్ అని ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకు ఇది వేస్తారని ఎక్కడో విన్నట్టే ఉంది. ఎన్నో నెలలో వేయాలి, ఎందుకు వేయాలి, లోపల బిడ్డకు ఏమీ కాదా అంటే నా దగ్గర జవాబు లేదు. బెంచీ మీద పదిమంది ఆడవాళ్లు కూర్చుని నా నోటివైపే చూస్తున్నారు. అంతకుముందు ఏడాదంతా కరోనా టీకాల కోసం మూసిన తలుపులు కొట్టి, తిట్లు తిని, టీకా అనే మాటంటేనే విసిగి ఉన్నాను. అది సాకు మాత్రమే. అసలు సంగతి ఏమిటంటే, తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నవ్వించడానికి మాత్రం వచ్చింది.

"జలుబుకి కూడా సూదేనా షమీమా? రేపు తుమ్ముకి సెలైను, ఆవలింతకి ఆపరేషను అడుగుతావేమో!"

బెంచీ బెంచంతా నవ్వింది. షమీమ్ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

"అయితే వద్దంటావా?"

"కార్డులో ఉండేటియి చాలు పోమ్మా."

ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి, కార్డు ప్లాస్టిక్ కవరు వెనకాల దోపుకుని వెళ్లిపోయింది. రాసిచ్చిన డాక్టరమ్మను ఆమె చూసింది ఒక్కసారి. నన్ను చూసేది నెలనెలా. చదువుకూ పరిచయానికీ పోటీ పెడితే పల్లెలో ఏది గెలుస్తుందో నాకు బాగా తెలుసు.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక ఉదయం సబ్‌సెంటరు ముందు ఆటో ఆగింది. షమీమ్‌ను ఆమె అత్త ఖాసింబీ దాదాపు మోసుకుని దిగింది.

"నాలుగు దినాలాయ జరము. కషాయం తాపిస్తి, తగ్గుతుందిలే అనుకుంటి. పొద్దున్నుంచి ఇట్ల ఆయాసపడతాంది. చూడు నర్సమ్మా, మాట గూడా ఆడల్యాకుండాది."

వేలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టాను. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపే చిన్న క్లిప్పు అది. తొంభై ఐదుకు తగ్గకూడదు. తొంభై చూపించింది, చూస్తుండగానే ఎనభై తొమ్మిది. 108కి ఫోన్ చేసి, వాళ్లతో పాటే నేనూ అంబులెన్సు ఎక్కాను. దారి పొడుగునా షమీమ్ నా చేతిని పట్టుకునే ఉంది. ఆ పట్టు వదిలించుకోవాలని ఎందుకనిపిస్తోందో అప్పుడే అర్థం చేసుకోవడం ఇష్టం లేక బయటికి చూస్తూ కూర్చున్నాను.

అనంతపురం పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి ఫ్లూ అన్నారు. ఊపిరితిత్తులకు పాకింది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, రాసుకుంటూనే ఖాసింబీని అడిగాడు.

"కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే ఇట్లా ముదురుతుందమ్మా. టీకా వేయించమని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పకేం సార్, కదిరి డాక్టరమ్మ రాసిచ్చింది. మా నర్సమ్మే అక్కర్లేదనింది. ఆయమ్మ ఒక మాట చెప్తే మాకు దానికి తిరుగు లేదు సార్."

అది ఫిర్యాదు కాదు. ఆ గొంతులో ఉన్నది గర్వం. మా ఊళ్లోనూ ఒక నర్సు ఉంది, మేము దిక్కులేని వాళ్లం కాదు అని ఆ చిన్న డాక్టరుకు చెబుతోంది.

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. "మీరేనా?"

"గవర్నమెంటు సప్లై లేదు సార్" అన్నాను.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నిజాన్ని పట్టుకొచ్చి అబద్ధం చేసే పని చేయించాను, అంతే.

ఖాసింబీ నా ముఖంలోకి చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

"ఆ, అదే సార్. సప్లై లేదనే చెప్పింది. ముసల్దాన్ని, నాకే సరిగ్గా గ్యానం లేదు."

డాక్టరు అదే రాసుకుని లోపలికి వెళ్లిపోయాడు. లోపల కోడలు మాస్కు కింద ఊపిరి కోసం పెనుగులాడుతోంది. బయట అత్త నన్ను కాపాడుతోంది.

తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఆ ముక్క ముందే చెప్పాల్సింది. మూడో రోజు ఆపరేషను చేసి బిడ్డను తీశారు. నెలలు నిండని ఆడపిల్ల, అరచేతిలో పట్టేంత. బిడ్డ పసిపిల్లల వార్డులో గాజుపెట్టెలో, తల్లి పై అంతస్తులో ఆక్సిజన్ మీద. పదకొండు రోజులు షమీమ్ తన బిడ్డను చూడలేదు. భర్త ఫోనులో ఫోటో తీసి చూపిస్తే, "కండ్లు ఎవరియి?" అని చేత్తో సైగ చేసి అడిగిందట.

నేను మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారి దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు, పాఠం చెప్పింది. ఈ టీకాలో బతికున్న క్రిమి ఉండదని, ఏ నెలలోనైనా వేయవచ్చని, తల్లికి వచ్చిన రక్షణ బిడ్డకూ చేరి, పుట్టాక కొన్ని నెలలు కాపాడుతుందని, ఆరు నెలలలోపు బిడ్డకు నేరుగా ఈ టీకా వేయలేం కాబట్టి తల్లి ద్వారా ఇవ్వడమే దారి అని. చివరికి, "వేయించుకున్నా జబ్బు వచ్చి ఉండొచ్చమ్మా, కానీ ఇంత ముదిరే అవకాశం తగ్గేది" అంది. ఆ వాక్యంలో నేను మొదటి సగాన్నే ఇంటికి తెచ్చుకున్నాను. రెండు రోజులు దాన్ని దిండులా తల కింద పెట్టుకుని చూశాను. చాలా గట్టి దిండు.

వాళ్లు ఊరికి తిరిగొచ్చాక వెళ్లాను. షమీమ్ మంచం మీద కూర్చుని బిడ్డకు గిన్నెలోంచి చెంచాతో పాలు పడుతోంది. తనకు పాలు సరిగా పడలేదు. వాకిట్లో ఖాసింబీ చెనక్కాయలు ఒలుస్తోంది. తప్పు నాదే అని, నాకు తెలియక అలా అన్నానని, ఆసుపత్రిలో కూడా తప్పించుకున్నానని చెప్పేశాను. సాధన చేసుకుని వెళ్లిన మాటల్లో ఒక్కటీ వరసగా రాలేదు.

షమీమ్ చెంచా ఆపింది. "తెలీదని ఆ పొద్దే చెప్పింటే నేనేమన్నా అనుకుందునా నర్సమ్మా? ఇంకెవర్నన్నా అడిగింటి."

ఖాసింబీ వైపు తిరిగాను. "నువ్వెందుకమ్మా ఆ పొద్దు నన్ను వెనకేసుకొచ్చినావు?"

ఆమె ఒలవడం ఆపలేదు.

"నిన్ను ఇరికిస్తే నాకేమొస్తుంది? నువ్వు పోతే ఇంకొకరు యాడుండారు? నీకు ముందు రెండేండ్లు ఆ సెంటరు తలుపుకు బీగమే. నా కోడలికి అయ్యేది అయిపోయ. ఊర్లో ఇంగా ఐదు మంది కడుపుతో ఉండారు. వాళ్లని ఎవరు చూస్తారు? నీ మింద ప్రేమ అనుకోవాకు."

మరుసటి బుధవారం బెంచీ ముందు నిలబడి, షమీమ్‌కు నేను చెప్పింది తప్పని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అప్పటినుంచి ప్రతి కార్డు అంచున, గడి లేని చోట, ఫ్లూ టీకా గురించి మాట్లాడానని పెన్నుతో రాస్తున్నాను. కొందరు వేయించుకుంటున్నారు, కొందరు లేదు. తెలియని సంగతి అడిగితే తెలియదంటున్నాను, కనుక్కుని వచ్చే వారం చెబుతున్నాను.

పద్దెనిమిదేళ్లు ఊళ్లవాళ్లు నా మాట వింటున్నారంటే అది నా మీద నమ్మకం అనుకున్నాను, కొంత నా చమత్కారం మీద ఇష్టం అనుకున్నాను. ఖాసింబీ చెప్పాక తెలిసింది. వాళ్లు నా మాట వినేది ఆ చుట్టుపక్కల ఇంకో మాట చెప్పే మనిషి లేక. అలాంటి చోట కూర్చున్న మనిషి నోరు విప్పే ముందు ఎంత భయపడాలో, అంత భయం నేను పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా నేర్చుకున్నాను.