ఒంటిరెక్క విమానం

ఈ పుస్తకం తెరిస్తే ఇప్పటికీ రెండు వాసనలు వస్తాయి, ఒకటి ఇంజనాయిలుది, రెండోది పచ్చి వేరుశనగ పప్పుది. ఉరవకొండ దగ్గరి మా ఊళ్లో, పంచాయతీవాళ్ల పాత రేకుల షెడ్డులో మా పెదనాయన నడిపిన విమానాల మ్యూజియానికి వచ్చినవాళ్లు పేర్లు రాసిన పుస్తకం ఇది.

పెదనాయన ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కుగా చేసి వచ్చాక, తుక్కు కింద అమ్మిన ఒక చిన్న విమానాన్ని లారీలో తెచ్చాడు. దానికి ఒకటే రెక్క. రెండోది దొరకనే లేదు. చుట్టూ బల్లల మీద మీటర్లు, హెల్మెట్లు, ఒక చెక్క ప్రొపెల్లరు పెట్టి, అట్టముక్కల మీద వాటి పేర్లు నాచేత రాయించాడు. ఎండకు రేకులు టపటపమంటుంటే, నలుగురిలో నోరు తెరవలేని నేను సెలవులన్నీ అక్కడే గడిపేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వరసగా రెండేళ్లు వాన లేదు. మబ్బులు వచ్చినట్టే వచ్చి గాలికి కొట్టుకుపోతుంటే, షెడ్డులో ఎన్నడూ అడుగుపెట్టని మగవాళ్లు టీ అంగడి దగ్గర కూర్చుని, వాటిని తరుముతున్నది ఆ విమానమేనని తేల్చారు. సర్పంచి వచ్చాడు.

"అన్నా, ఊరంతా నా మీద పడతాండారు. విత్తనమేసే లోపల సగం ఇండ్లోళ్లన్నా వచ్చి ఈ పుస్తకంలో పేరు రాపిస్తే షెడ్డు నీకే. లేకుంటే ఖాళీ చెయ్యాల్సొస్తాది."

నేను కరపత్రాలు రాసి గోడలకు అంటించాను. బడిలో ప్రార్థనయ్యాక చదవమంటే మాత్రం కాగితం మడిచి వరసలో వెనక్కి పోయాను. ఎవరూ రాలేదు. పెదనాయన ప్రొపెల్లరుకు గోనెసంచి చుట్టడం మొదలుపెట్టాడు.

అది చూసింది జేజి, ఆయన తల్లి. మిషనులో వేస్తే పప్పు మీద పొర లేచి మొలవదని, విత్తనానికి ముందు ఊరి ఆడవాళ్లు ఒకరింటికొకరు పోయి కాయలు చేత్తోనే ఒలిచేవారు. ఆ ఏడు జేజి మా మూటల్ని ఇంట్లో కాక విమానం రెక్క కింద దించి, "రాండమ్మే, ఈడ నీడుండాది" అని వీధులన్నీ తిరిగి పిలిచింది. మర్నాటి నుంచి పక్కిళ్ల మూటలూ అక్కడికే వచ్చాయి.

"జేజీ, మనం ఒలుస్తాంటే ఇది లేసి ఎగిరిపోతే?" అంది లింగమ్మ పిన్ని.

"పోనీలేవే. నిన్ను మీ చేనుకాడ దింపుతాది."

నవ్వుతూ తలెత్తిన లింగమ్మ పిన్ని చేయి ఆగిపోయింది. "ఏమ్మే, దీనికి ఒకటే రెక్క గదా. ఇదేడ వానను తరుముతాది?"

ఆ మాట పొద్దుగూకేలోపు ప్రతి ఇంటికీ చేరింది. నేను పుస్తకం పట్టుకుని వాళ్ల మధ్య తిరిగాను. మాట్లాడే పని లేదు, పేరు రాసి వేలిముద్ర వేయించుకుంటే చాలు. పదిరోజులకు సర్పంచి పేజీలు తిరగేసి, "అన్నీ ఆడోళ్లవే గదన్నా" అన్నాడు.

జేజి కాయ ఒలుస్తూనే, "వాళ్లవి ఇండ్లు కావా?" అంది.

వాన ఆ ఏడు వచ్చింది గానీ, ఆలస్యంగా. విమానాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

మ్యూజియం ఇప్పటికీ ఉంది. జేజి, పెదనాయన లేరు. విత్తనం మిషనులో ఒలిచి సంచుల్లో వస్తోంది, రెక్క కింద ఎవరూ కూర్చోరు. షెడ్డులో ఇప్పుడు ఇంజనాయిలు వాసన ఒక్కటే ఉంది. రెండోది, ఒలిచి ఒలిచి జిడ్డుబారిన ఆ వేళ్లది, ఈ పేజీల్లోనే మిగిలింది.